పాల్ సబాటియే

పాల్ సబాటియే (నవంబరు 5, 1854 - ఆగష్టు 14, 1941) ప్రముఖ ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. మెత్తని పొడి రూపంలోని లోహాలను ఉత్ప్రేరకాలుగా వాడి, కర్బన సమ్మేళనాలకు హైడ్రోజన్‌ను చేర్చే పద్ధతిని రూపొందించినందుకు 1912లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఆ సంవత్సరపు బహుమతిని విక్టర్ గ్రిగ్నార్డ్‌తో కలిసి పంచుకున్నాడు.

తొలి జీవితం, ఉద్యోగం

సబాటియే దక్షిణ ఫ్రాన్సులోని కార్కసాన్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో విద్యాభ్యాసం ముగించి, కాలేజ్ ద ఫ్రాన్స్‌లో మార్సెలిన్ బెర్తెలో వద్ద సహాయకుడిగా పనిచేశాడు. 1880లో డాక్టరేటు పొందాడు. 1882లో తులూజ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1884లో అక్కడే ఆచార్యుడయ్యాడు. 1907లో బెర్తెలో, హెన్రీ మొయిసాన్ మరణించగా, పారిస్‌లో వారి స్థానాలను ఈయనకు ఇవ్వజూపారు. అయినా ఈయన తులూజ్‌ను విడిచి వెళ్ళలేదు.

నికెల్‌తో ప్రయోగాలు

నికెల్ కార్బన్ మోనాక్సైడుతో కలిసి ఒక సమ్మేళనాన్ని ఏర్పరుస్తుందని 1890లో వెల్లడైంది. ఇథిలీన్ కూడా నికెల్‌తో అదే విధంగా కలియవచ్చునని సబాటియే ఊహించాడు. 1897లో జాన్ బాప్తిస్త్ సెండెరెన్స్ అనే క్రైస్తవ మతాచార్యునితో కలిసి, వేడిచేసిన నికెల్ పొడి మీదుగా ఇథిలీన్‌ను పంపాడు. ఆశించిన సమ్మేళనం లభించలేదు కాని, వెలువడిన వాయువులో ఈథేన్ అధికంగా కనిపించింది. కొంత ఇథిలీన్ విచ్ఛిన్నమై విడుదలైన హైడ్రోజన్, మిగిలిన ఇథిలీన్‌తో చేరిందని దీనివలన తేలింది. తరువాత ఈ పద్ధతిలోనే బెంజీన్‌ను సైక్లోహెక్సేన్‌గా, 1902లో కార్బన్ డై ఆక్సైడును మీథేన్‌గా మార్చారు.

సిద్ధాంతం

రంధ్రాలుగల లోహం వాయువులను తనలో ఇముడ్చుకొని వేడెక్కడమే ఉత్ప్రేరణకు కారణమని అప్పట్లో పలువురు భావించేవారు. సబాటియే దీనిని అంగీకరించలేదు. లోహపు ఉపరితలంపై తాత్కాలిక సమ్మేళనం ఏర్పడి, వెంటనే విడిపోతుందని ప్రతిపాదించాడు. బంధం మరీ గట్టిదైతే లోహం మూసుకుపోతుంది. మరీ బలహీనమైతే చర్య ప్రారంభమే కాదు. దీనినే సబాటియే సూత్రం అంటారు. బంగారం ఈ రెండవ కోవకు చెందినదని, ఉత్ప్రేరకంగా అంతగా పనికిరాదని చాలాకాలం తలచారు. అతి సూక్ష్మమైన బంగారు రేణువులు, కొన్ని బంగారు సమ్మేళనాలు చురుకైన ఉత్ప్రేరకాలని 1980లలో మసతాకే హరుతా, గ్రాహం హచింగ్స్ పరిశోధనలు చూపాయి.

గుర్తింపు, ప్రభావం

నోబెల్ బహుమతిలో సెండెరెన్స్‌కు భాగం లభించలేదు. తొలి పరిశోధన పత్రాలు ఇద్దరి పేర్లతోను వెలువడినందున ఈ నిర్ణయం చర్చనీయాంశమైంది. పారిస్ వెలుపల నివసించేవారి కోసం ఫ్రెంచి సైన్సు అకాడమీ కొత్తగా ఏర్పరచిన సభ్యత్వానికి 1913లో మొట్టమొదట ఎన్నికైనవాడు సబాటియే. అదే సంవత్సరం కర్బన రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరణపై ఈయన గ్రంథం వెలువడింది.

ద్రవరూపంలోని నూనెలను నికెల్ సాయంతో గట్టిపరిచే విధానానికి జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందాడు. భారతీయుల వంటిళ్ళకు చేరిన వనస్పతి తయారీకి ఇదే ఆధారం. వ్యోమగాములు విడిచే కార్బన్ డై ఆక్సైడు నుండి నీటిని రాబట్టేందుకు 2010లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమర్చిన యంత్రం సబాటియే చర్యపైనే పనిచేసింది.

సబాటియే 1941లో తులూజ్‌లోనే మరణించాడు. తరువాత ఆ నగరంలోని ఒక విశ్వవిద్యాలయానికి ఈయన పేరు పెట్టారు.