ఆరు చుక్కల అక్షరదాత లూయీ బ్రెయిలీ

కొత్తవలస జంక్షన్‌లో అరకు వైపు వెళ్ళే రైలు కోసం మీరు ఎప్పుడైనా నిలబడి ఉంటే, పసుపు పలకపై ఊరి పేరు మూడు భాషలలో చూసే ఉంటారు. చూపు లేని సోదరునికి మాత్రం ఆ పలక ఒక్క అక్షరం కూడా చెప్పదు. అతడు పక్కవారిని అడగాలి. ఊరి పేరు అడగటం చిన్న విషయమే. కాని తనకు వచ్చిన ఉత్తరాన్ని, పింఛను కాగితాన్ని, ప్రార్థన పుస్తకాన్ని జీవితమంతా మరొకరిచేతనే చదివించుకోవలసి వస్తే? ఆ కష్టానికి దారి చూపిన ఒక కతోలిక విశ్వాసి జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలోని కూవ్రే గ్రామంలో జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకుంటుండగా, తోలుకు బెజ్జాలు పొడిచే ఆర కంటిలో గుచ్చుకుంది. పుండు రెండో కంటికీ పాకి, అయిదేళ్ళు వచ్చేసరికి లోకమంతా చీకటైంది. అయినా ఊరి విచారణ గురువు ఫాదర్ పాల్వీ ఆ పసివానిని చేరదీసి చదువు చెప్పారు. పదేళ్ళ వయసులో, 1819లో, లూయీ పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో చేరాడు.

అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. ఒక్కొక్క అక్షరాన్ని తడిమి చదవటానికి ఎంతో సమయం పట్టేది. ఆ అక్షరాలను పిల్లలు స్వయంగా రాయటం కుదిరేది కాదు. అవి చూపున్నవారి కంటికి తగినట్లు చేసినవేగాని, చూపులేనివారి వేలికి తగినవి కావు.

1821లో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల లిపి ఒకటి ఆ పాఠశాలకు చేరింది. పన్నెండు చుక్కలూ ఒక్కసారిగా వేలికొన కింద ఇమడవని లూయీ గ్రహించాడు. వాటిని ఆరుకు తగ్గించి, 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసుకే కొత్త లిపిని సిద్ధం చేశాడు. 1829లో దాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఆ ఆరు చుక్కలతో అరవై మూడు గుర్తులు వస్తాయి. తనకు కీడు చేసిన ఆర వంటి మొన ఉన్న పనిముట్టుతోనే ఆ చుక్కలు పొడుస్తారు, చూడండి!

ఆయన అదే పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. పారిస్‌లోని పునీత నికోలాసు దేవాలయంలో ఆర్గన్ వాయించాడు. సంగీతానికి కూడా చుక్కల గుర్తులు కల్పించాడు. అయితే 1840లో వచ్చిన కొత్త అధికారి ఈ లిపిని నిషేధించాడు. పిల్లలు మాత్రం రహస్యంగా నేర్చుకుంటూనే ఉన్నారు. చివరికి 1844లో పాఠశాల కొత్త భవనం ప్రారంభమైనప్పుడు ఆ లిపిని అందరి ఎదుట చదివి, రాసి చూపించారు. క్షయవ్యాధితో 1852 జనవరి 6న బ్రెయిలీ కన్నుమూశారు. ఆ లిపికి ప్రభుత్వ ఆమోదం 1854లో గాని రాలేదు.

1951లో మన దేశ భాషలన్నిటికీ భారతీ బ్రెయిలీ ఏర్పడింది. కొత్తవలస పేరులోని మొదటి హల్లు క. దానికి ఎడమ వరుసలో పై చుక్క, కింది చుక్క, అంతే!

ఈనాడు ఈ కథ మనకెందుకు? మన యువకులు కంప్యూటరుపై ప్రకటనలు, పాటల స్లైడ్లు, ఆఫీసు పత్రాలు తయారు చేస్తున్నారు. ఎన్‌.వి.డి.ఏ. వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చూపులేనివారికి చదివి వినిపిస్తుంది. కాని కాగితాన్ని ఫోటో తీసి పంపితే దానికి అది ఒట్టి బొమ్మగానే మిగిలిపోవచ్చు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో కొట్టిన పత్రం కంటికి అందంగా ఉన్నా, చెవికి అర్థంలేని శబ్దమే. కనుక యూనికోడ్‌లో టైపు చేయండి. శీర్షికను లావుగా చేసి వదిలేయక, సాఫ్ట్‌వేర్‌లోని హెడ్డింగుగా గుర్తించండి. బొమ్మ పెడితే అందులో ఏముందో ఒక వాక్యం జతచేయండి. స్లైడు చూపేటప్పుడు దానిపై ఉన్నది పైకి చదవండి. ఇది దయాదాక్షిణ్యం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన హక్కు.

1952లో బ్రెయిలీ అస్థికలను పారిస్‌లోని మహనీయుల సమాధి మందిరానికి తరలించారు. ఆయన చేతులను మాత్రం కూవ్రే గ్రామస్థులు తమ వద్దే ఉంచుకున్నారు. ప్రియ పాఠకులారా, ఈసారి మీరు ఒక పత్రం తయారు చేసినప్పుడు, దాన్ని చేతితోనో చెవితోనో చదివేవారు మీ విచారణలోనే ఉన్నారేమో తలచుకోండి.