చేతిపనికి చదువులో చోటిచ్చిన జాకిర్ హుసేన్

చదువు బుద్ధికి, పని చేతులకు అని విడదీసి చూడటం మనలో చాలామందికి అలవాటు. షెడ్డులో పనిచేసే కుర్రాడికి పుస్తకం దూరం. డిగ్రీ చదివిన కుర్రాడికి పనిముట్టు దూరం. ఈ రెంటినీ ఒకే బడిలోకి తేవాలని శ్రమించిన మహనీయుడు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన దేశానికి మూడో రాష్ట్రపతి అని అందరికీ తెలుసు. అంతకు చాలా ముందు, ఓ పేద విద్యాసంస్థను 22 ఏళ్లపాటు నడిపిన ఉపాధ్యాయుడని తెలిసినవారు తక్కువ.

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ పేరున్న న్యాయవాది. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని స్వస్థలం కాయంగంజ్‌కు తరలిపోయింది. నాలుగేళ్లకే తల్లి కూడా కన్నుమూశారు. ఇటావాలో, ఆపైన అలీగఢ్‌లో ఆయన చదువు సాగింది. 1920లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే ప్రభుత్వ సాయంతో నడిచే కళాశాలను వదిలి, అదే ఏడాది అక్టోబరు 29న అలీగఢ్‌లో వెలసిన జామియా మిల్లియా ఇస్లామియాలో చేరారు.

1922లో ఆయన ఉన్నత విద్యకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ సంపాదించారు. అక్కడే గాలిబ్ కవితల సంపుటిని అందంగా అచ్చు వేయించాలనుకున్నారు. అందుకోసం ప్రెస్సుకు వెళ్లి అక్షరాలు కూర్చడం నేర్చుకుని, కొంత భాగం స్వయంగా కంపోజ్ చేశారు.

మ్యూనిక్ నగర విద్యాధికారిగా పనిచేసిన కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు కూడా జర్మనీలోనే ఆయనను ఆకట్టుకున్నాయి. కెర్షెన్‌స్టైనర్ బడుల్లో వర్క్‌షాపులు, వంటగదులు, తోటలు పెట్టించారు. పనిలో చేరిన కుర్రాళ్లకు వాళ్ల వృత్తితో ముడిపడిన తరగతులు నడిపించారు. పిట్టగూడు తయారీని ఆయన ఉదాహరణగా చూపేవారు. విద్యార్థి ముందు కొలతలు వేసుకోవాలి, చెక్క ఎంచుకోవాలి, కోసి బిగించాలి. అతుకు సరిగ్గా కుదరకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పనే చెబుతుంది. మాస్టారు బెత్తం పట్టనక్కర్లేదు.

1926లో జాకిర్ హుసేన్ తిరిగి వచ్చేనాటికి జామియా ఢిల్లీకి మారింది. 29 ఏళ్ల వయసులో దాని బాధ్యత ఆయన భుజాన పడింది. పెద్ద దిక్కయిన హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర మరణించగా, సంస్థ మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు ఆయన, సహచరులు కలిసి నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు సేవ చేస్తామని ప్రతిన పూనారు. ఆ పేదరికంలోనే జామియా ప్రాథమిక పాఠశాలలో కొత్త ప్రయోగాలు సాగాయి. పిల్లలే బ్యాంకు నడిపేవారు, దుకాణం నడిపేవారు. లెక్క తప్పితే దుకాణంలో డబ్బు తగ్గుతుంది. కాబట్టి కూడిక, తీసివేత వాళ్లకు పరీక్ష కోసం నేర్చుకునే పాఠాలు కావు.

విద్యార్థులు మురికి బూట్లతో బడికి వస్తుంటే, ఆయన ఒకరోజు బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని జామియావారు చెప్పుకుంటారు. పనిలో చిన్నతనం లేదని పిల్లలకు తెలియడానికి వేరే ఉపన్యాసం కావాలా?

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సదస్సు జరిపారు. చేతివృత్తి కేంద్రంగా బడి నడవాలని, పిల్లల ఉత్పత్తితోనే ఉపాధ్యాయుల జీతాలు రావాలని ఆయన ప్రతిపాదన. జాకిర్ హుసేన్ మొదటిదాన్ని ఒప్పుకున్నారు. రెండోదానిలో ప్రమాదముందని గాంధీజీ ఎదుటే చెప్పారు. అయినా గాంధీజీ పాఠ్యప్రణాళిక కమిటీకి ఆయననే అధ్యక్షుడిగా నియమించారు.

డిసెంబరులో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. అయిదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతివృత్తికి కేటాయించింది. లెక్కలు, సామాన్యశాస్త్రం ఆ వృత్తితో ముడిపెట్టి చెప్పాలంది. అదే సమయంలో ఓ హెచ్చరిక కూడా చేసింది. ఆదాయం మీద ధ్యాసతో పిల్లలచేత వీలైనంత పని పిండుకుంటే, అసలు చదువు మరుగున పడుతుందని.

జాకిర్ హుసేన్ చింతనకు ఇదే ఆయువుపట్టు. ప్రతి పనీ విద్య కాదు. ఏం చేయాలో విద్యార్థికి స్పష్టంగా తెలియాలి. ఎలా చేయాలో తానే ఆలోచించాలి. శ్రద్ధగా చేయాలి. చివర తన పనిని తానే తూచి చూసుకోవాలి. ఈ నాలుగూ ఉంటేనే పని చదువవుతుంది. లేకుంటే అది వట్టి చాకిరీ.

ఆయన భయపడినట్టే జరిగింది. చాలా బేసిక్ స్కూళ్లలో రాట్నం తిరిగింది కానీ ఆలోచన కదలలేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలలేదు. ఇది పేదపిల్లల చదువేనని తల్లిదండ్రులు అనుమానించారు. ఆ బడుల తీరును తర్వాతి కాలంలో ఆయనే కటువుగా విమర్శించారు.

అలీగఢ్ వైస్ ఛాన్సలర్‌గా, బీహార్ గవర్నర్‌గా, ఉపరాష్ట్రపతిగా పనిచేసి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. జామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉంది.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు సంచి లేకుండా పది రోజులు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్వాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. కళాశాలల్లో ఇంటర్న్‌షిప్ మామూలు మాటైంది. మన పిల్లవాడు అలా పనికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు, ఎంత ఇచ్చారని మాత్రమే అడగకండి. ఈరోజు నువ్వు ఏం ఆలోచించి చేశావు, ఎక్కడ తప్పింది, ఎలా దిద్దుకున్నావు అని అడగండి. బదులు చెప్పలేకపోతే అతని చేత చాకిరీ చేయిస్తున్నారన్నమాట. చెప్పగలిగితే జాకిర్ సాహెబ్ కోరిన బడిలో మన బిడ్డ ఉన్నట్టే.