ఒడంబడికల నడుమ ఒక జీవితం: దత్త మండలాల మన్రో

సత్యనారాయణపేటలో ఇంటిభాష తెలుగు, కచేరీభాష కన్నడంగా జీవిస్తున్న కుటుంబాలు అనేకం. ఈ స్థితికి 1953 అక్టోబరు 1 నాటి విభజనే మూలమని మనలో చాలామంది భావిస్తారు. ఆనాడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, బళ్ళారి తాలూకా మైసూరుకు వెళ్ళింది. కాని ఈ సీమవాసుల సమ్మతి అడగకుండా ఈ సీమను చేతులు మార్చడం అంతకు నూటయాభై ఏండ్ల ముందే జరిగింది. ఆనాటి పత్రం 1800 అక్టోబరు 12న హైదరాబాదులో నిజాం అలీఖానుకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య కుదిరిన సంధి. ఆ సంధిని కాగితం మీదినుంచి మన పొలాల గట్ల మీదికి దించినవాడు సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండరు అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసిన వర్తకుడు. అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగబడగానే ఆ వ్యాపారం కుప్పకూలింది, కుటుంబం అప్పులపాలైంది. బతుకుతెరువు వెతుక్కొంటూ కొడుకు కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. వర్జీనియా పొగాకు వ్యాపారం నిలిచి ఉంటే బళ్ళారి చరిత్రలో మన్రో అనే పేరే ఉండేది కాదేమో!

అమెరికా అతనిని ఇక్కడా వదలలేదు. 1778లో అమెరికన్లు ఫ్రెంచి ప్రభుత్వంతో మైత్రీ సంధి చేసుకొన్నారు. ఆ సంధి ఫలితంగా ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ రగిలిన యుద్ధం మన తీరానికీ వ్యాపించి, ఫ్రెంచివారు హైదరాలీకి తోడు నిలిచారు. 1783లో కడలూరు ముట్టడిలో మన్రో పోరాడుతుండగా, ఐరోపాలో శాంతి కుదిరిందన్న వార్త రావడంతో అక్కడ తుపాకులు ఆగిపోయాయి. అదే ఏడు పారిస్‌లో సంతకమైన సంధి అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించి, మిసిసిపీ నది వరకు భూమిని కొత్త దేశానికి అప్పగించింది. ఆ నేలమీద తరతరాలుగా జీవిస్తున్న ఆదివాసి తెగల ప్రస్తావన అయినా అందులో లేదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. హైదరాబాదు సంధి చదివినపుడు అదే పద్ధతి కనబడుతుంది.

1781లో యార్క్‌టౌన్ వద్ద అమెరికన్లకు లొంగిపోయిన కార్న్‌వాలిసే గవర్నరు జనరలుగా భారతదేశానికి వచ్చి, 1792లో శ్రీరంగపట్టణం సంధితో టిప్పు సుల్తాను రాజ్యంలో సగభాగం ఊడబెరికాడు. ఆ పంపకంలో కంపెనీకి దక్కిన బారామహల్‌లో అలెగ్జాండరు రీడు కింద మన్రో ఏడేండ్లు శిస్తు పని నేర్చాడు. మధ్యవర్తులు లేకుండా సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూచుకొనే పద్ధతి అక్కడే రూపు దిద్దుకొన్నది. 1799లో టిప్పు మరణించాక మైసూరు పంపకానికి నియమించిన కమిషనుకు మన్రో, జాన్ మాల్కం కార్యదర్శులు. ఆ విధంగా ఒక రాజ్యాన్ని కాగితం మీద ముక్కలు చేయడం అతడు దగ్గరనుండి చూశాడు. ఆపై కొంతకాలం కెనరాలో పనిచేశాడు గాని, ఆ వానల సీమ అతనికి రుచించలేదు.

ఇక 1800 సంధి. నిజాం రక్షణకు కంపెనీ అదనంగా రెండు సిపాయి పటాలాలను, ఒక అశ్వదళాన్ని ఉంచుతుంది. ఆ ఖర్చుకు బదులుగా 1792, 1799 సంధులలో తనకు దక్కిన ప్రాంతాలను నిజాం శాశ్వతంగా వదులుకోవాలి. సరిహద్దు తేటగా ఉండాలని ఒక మారకం కూడా చేశారు. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ నిజాం వద్దనే నిలిచాయి, వాటికి బదులు దక్షిణాన ఉన్న ఆదవాని కంపెనీపరమైంది. నిజాం తరఫున యుద్ధంలో గెలిచిన భూమి నిజాం సైన్యపు జీతాల కింద మళ్ళీ కంపెనీకే చేరిందన్నమాట! బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలలో అధికభాగం ఇలా దత్త మండలాలయ్యాయి. ఆ పేరులోని అవమానం సహించకనే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకొన్నారు.

మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా ఈ సీమకు వచ్చేసరికి ఇక్కడ సుమారు ఎనభైమంది పాళెగాండ్రు, వారి వెంట వేలాది సాయుధ బంట్లు ఉన్నారు. సంధిలో వారి మాట లేదు. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం ఒకవైపు, మన్రో శిస్తు ఉత్తరువులు మరొకవైపు వారిని అణచివేశాయి. కొందరిని వెళ్ళగొట్టారు, కొందరికి పింఛను ఇచ్చి కోటలు లాక్కొన్నారు. అతని కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. పాళెగాండ్ర పింఛన్ల కథ అంతటితో ముగియలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో అది మళ్ళీ రాజుకొన్నది.

అయితే రైతు ఇంట మన్రో పేరు వేరు విధంగా నిలిచింది. ఏండ్ల తరబడి గుడారాలలోనే కాపురముండి ఊరూరా తిరిగాడు. 1802లో కొలత తెలిసిన నలుగురు స్థానిక గుమాస్తాలతో భూమి సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసు పట్టి, పొలం వెంట పొలం కొలిచి, వర్గం కట్టి, శిస్తు నిర్ణయించారు. ఏడేండ్లలో శిస్తు రాబడి సుమారు 10 లక్షల స్టార్ పగోడాలనుండి 15 లక్షలకు పెరిగింది. ఆ పెరుగుదలను సేవగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు, ఆ భారం మోసినది ఈ నల్లరేగడి రైతే. మన్రో దానిని గ్రహించాడనడానికి ఆధారముంది. 1807 ఆగస్టులో సెలవుపై వెళ్ళేముందు, శిస్తులో నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావుల కింద సాగయ్యే భూములకు మరి 8 వంతులు అదనంగా తగ్గించాలనీ సిఫారసు చేశాడు. పైవారు వినలేదు. గ్రామాలను కౌలుకిచ్చే పద్ధతి తెచ్చారు, అది ఊళ్ళను గుల్ల చేసింది. 1808లో దత్త మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. చివరకు మన్రో గవర్నరయ్యాకనే రైతువారీ పద్ధతీ, తగ్గింపూ తిరిగి వచ్చాయి.

1814లో వివాహం చేసుకొని తిరిగివచ్చిన మన్రో, 1817లో గవర్నరు జనరలు హేస్టింగ్సుకు వ్రాసిన లేఖ నా దృష్టిలో అతని జీవితంలోకెల్ల విశేషమైనది. తన ఉద్యోగానికి మూలమైన సైన్య సహకార సంధులనే అందులో తప్పుపట్టాడు. పరాయి సైన్యం రక్షిస్తున్నదన్న ధీమాతో రాజు ప్రజల కష్టం పట్టించుకోడనీ, తిరుగబడే దారి ప్రజలకు మూసుకుపోతుందనీ, ఆ రాజ్యం లోలోపల కుళ్ళి చివరకు కంపెనీ నోట పడుతుందనీ అతని వాదం. ఇంత తెలిసిన మనిషి అదే ఏడు మొదలైన మరాఠా యుద్ధంలో కంపెనీ తరఫున బాదామి, బెళగావి కోటలు పట్టాడు. ఈ రెండింటినీ సమన్వయం చేయడం నా వల్ల కాలేదు.

1820లో మద్రాసు గవర్నరైన మన్రో ఉద్యోగం చాలించి స్వదేశం పోదలచినా, బర్మా యుద్ధం ఆపింది. 1826 ఫిబ్రవరిలో యాండబూ సంధి కుదిరాకనే విడుదల దొరికింది. వెళ్ళేముందు దత్త మండలాలను చివరిసారి చూడాలని 1827 మే నెలాఖరున బయలుదేరాడు. గుత్తి వద్ద శిబిరంలో కలరా సోకింది. జులై 6న పత్తికొండలో ఆ వ్యాధితోనే కన్నుమూశాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనికి దర్శనమిచ్చారని భక్తులు నేటికీ చెప్పుకొంటారు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారూ ఈ సీమలో ఉన్నారు.

దేహాన్ని గుత్తి కోట కింద ఖననం చేశారు. 1831లో దానిని వెలికితీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. చెన్నైలో నేటికీ నిలిచిన గుర్రపు విగ్రహం 1839 నాటిది. పత్తికొండలో అతని పేరిట ఒక తోపు, ఒక దిగుడుబావి ఏర్పరచారు.