యల్లాప్రగడ సుబ్బారావు

మా తాతకు బోదకాలు. ఊళ్లో పంచే ఆ మాత్ర వెనక ఒక తెలుగువాడున్నాడని బి.ఎస్సీ.లో చేరేదాకా నాకు తెలీదు.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. (ఇంటర్ కెమిస్ట్రీ ఒకసారి తప్పిన నాకిది కొండంత ధైర్యం!) స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. అమెరికా వెళ్లి, రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకి మందే. అన్నదమ్ములకి మాత్రం అందలేదు.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి సంగతి. ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ తీసి అమైనో గ్రూపు పెడితే అమినోప్టెరిన్. ఎంజైము దాన్ని అసలుదే అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. విత్తే గొర్రు జడ్డిగంలో గింజలాంటి గులకరాయి ఇరుక్కున్నట్టు! కణం పెరుగుదల ఆగిపోతుంది. ఆ మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్త కాన్సరు పిల్లలకు కొన్నాళ్లయినా ఊపిరి పోశారు. 1995 నుంచి వచ్చిన హెచ్‌ఐవి ప్రోటియేజ్ మందులదీ ఈ కిటుకే.

బోదకాలు మందు హెట్రజాన్ 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. మరుసటేడు ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు. మళ్లీ ఇంటిముఖం చూడనేలేదు.

తాత మాత్ర మింగేటప్పుడల్లా ఆయన పేరు చెబుతాను. తాతకి గుర్తుండదు, మళ్లీ చెబుతాను.