డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలు మాత్రలు శ్రీకాకుళం జిల్లావాసులకు క్రొత్త కాదు. టెక్కలి, పలాస పట్టణాలలోను, ఉద్దానం తీరగ్రామాలలోను వాటిని మ్రింగినవారు ఎందరో. ఆ మందును వెలువరించిన పరిశోధనాలయానికి నాయకుడు ఒక తెలుగువాడని ఎరిగినవారు మాత్రం కొందరే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో స్వల్పవ్యవధిలో కన్నుమూశారు. అదే వ్యాధి తమకూ సోకగా ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆయన జీవితలక్ష్యాన్ని ఆ దుఃఖమే నిర్ణయించిందని నేను భావిస్తాను.

బోస్టన్ చేరి, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి పొట్టపోసుకుంటూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని వెలికితీశారు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి నీయలేదు.

ఆయన అక్కడ ఉన్న కాలంలోనే, 1924లో, హార్వర్డు శాస్త్రజ్ఞులు హెర్టిగ్, వోల్బాక్ క్యూలెక్స్ దోమ అండాశయంలో ఒక సూక్ష్మజీవిని వర్ణించారు. గాలి ద్వారానో నీటి ద్వారానో కాక, తల్లి అండంలోనే ఇమిడి సంతతికి సంక్రమించే బాక్టీరియా అది. తరువాత దానికి వోల్బాకియా అని పేరు వచ్చింది. మన ప్రాంతంలో బోదకాలును వ్యాపింపజేసే దోమ కూడ క్యూలెక్స్ జాతిదే.

సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం, 1947లో బోదకాలుకు హెట్రజాన్ వెలువడ్డాయి. అదే పరిశోధనాలయంలో డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి సాధించిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది అదే. ఆ ఆగస్టులోనే 53 ఏండ్ల వయస్సులో సుబ్బారావు మరణించారు.

అసలు రహస్యం ఆయన పోయిన చాలాకాలానికి బయటపడింది. బోదకాలు పురుగుల దేహంలో బాక్టీరియాలున్నట్లు 1970లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపింది. అవి వోల్బాకియాలేనని 1995లో తేలింది. యుగాల తరబడి పురుగు దేహంలోనే కాపురముండి, అక్కరలేని జన్యువులను అవి పోగొట్టుకున్నాయి. 2005లో ఆసియాలోని ఒక బోదకాలు పురుగు వోల్బాకియా జన్యుపటాన్ని చదువగా మిగిలినవి సుమారు 10.8 లక్షల అక్షరాలే. మన ప్రేగులలోని ఇ. కోలైకి 46 లక్షలు. అయితే పురుగు స్వయంగా తయారు చేసుకొనలేని హీమ్‌ను చేసే జన్యువులు మాత్రం చెడలేదు. అద్దెకున్నవాడే ఇంటికి వంటవాడైనాడు!

హెట్రజాన్ ముఖ్యంగా రక్తంలోని పిల్లపురుగులను హరిస్తుంది. ఆరియోమైసిన్ వంశంలోని డాక్సీసైక్లిన్ వోల్బాకియాను చంపుతుంది. దానితో తల్లిపురుగు గొడ్డువోయి, క్రమంగా నశిస్తుంది. ఒకే పరిశోధనాలయంలో పుట్టిన రెండు మందుల వంశాలు ఒకే పురుగుపై ఇలా కలిశాయి. కాని డాక్సీసైక్లిన్‌ను వారాల తరబడి మ్రింగాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది తగదు. అందుచేత ఊరూరా పంచడానికి ఎన్నుకున్నది డి.ఇ.సి. అనే పేరుతో హెట్రజాన్‌నే.