కార్మికబంధువు బి. పి. వాడియా

మనము నిత్యము ధరించు వస్త్రము పొలములో పత్తియై పుట్టి, మిల్లులో నూలై, మగ్గముపై గుడ్డయై, కుట్టుపనివారి చేతిలో చొక్కాయై మనలను చేరుచున్నది. తిరుమంగళము చుట్టుపట్ల నల్లరేగడి భూములలో పత్తి పండించు కుటుంబములకును, మధుర నూలుమిల్లులలోను తిరుప్పూరు బనియను కర్మాగారములలోను బంధువులున్న వారికిని ఈ సంగతి క్రొత్తది కాదు. అయితే ఈ పనివారు ఒక సంఘముగా కూడి తమ కష్టములను చెప్పుకొనుటకు ఒకప్పుడు చట్టము ఎట్టి రక్షణయు ఇయ్యలేదు. ఆ స్థితి మారుటకు కారకులైన వారిలో బి. పి. వాడియాగారు ముఖ్యులు.

వారి పూర్తి పేరు బహమన్ పెస్తన్‌జీ వాడియా. వారు 1881వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన పార్సీ కుటుంబమున జన్మించిరి. పూర్వులు ఓడల నిర్మాణమునకు పేరు పొందినవారు, తండ్రి వస్త్రవ్యాపారి. యౌవనారంభమున వాడియాగారు ఆ వ్యాపారమును కొంతకాలము నడపిరి. కాని వారి మనస్సు ధనార్జనమున నిలువలేదు. దివ్యజ్ఞాన సమాజమున చేరి, వ్యాపారమును వదలి, చెన్నపట్టణములోని అడయారునకు వచ్చి, అనీబిసెంటుగారికి కుడిభుజమై గ్రంథప్రచురణమును, న్యూ ఇండియా పత్రిక పనిని చూచుచుండిరి. 1917 జూనులో హోంరూలు ఉద్యమము కారణముగా ప్రభుత్వము బిసెంటు, అరండేలుగార్లతోపాటు వారిని ఉదకమండలములో నిర్బంధించెను. దేశమంతట అలజడి రేగగా సెప్టెంబరులో విడిచిపెట్టెను.

ఆ దినములలో చెన్నపట్టణమున పెరంబూరు ప్రాంతములో బిన్నీ కంపెనీవారి బకింగ్‌హాము, కర్నాటికు అను రెండు గొప్ప బట్టలమిల్లులుండెను. వేలకొలది జనము అందు పనిచేయుచుండిరి. 1911వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము ప్రకారము బట్టలమిల్లులో పురుషునిచే దినమునకు పండ్రెండు గంటలవరకు పనిచేయింపవచ్చును. నడుమ భోజనమునకు అరగంట విరామము మాత్రమే. ఆ అరగంటలో యంత్రము విడిచి వెలుపలికి వచ్చి, చేతులు కడుగుకొని, ఇంత అన్నము తిని, మరల తమ స్థానములకు చేరవలెను. ఆలస్యమైనచో కూలి పోవును. పైవారి తిట్లును దెబ్బలును సామాన్యములు. యుద్ధము మూలమున బియ్యము ధర పెరిగిపోగా కూలి డబ్బు కడుపునకు చాలకుండెను.

మిల్లుల సమీపమున జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు అను ఇరువురు వర్తకులు ఒక భక్తసభ నడపుచుండిరి. హరికథాశ్రవణమునకు వచ్చిన కూలీలు సభానంతరమున తమ గోడు వారితో చెప్పుకొనుచుండిరి. ఆ ఇరువురును ధనికులు కారు, పదవులున్నవారును కారు. అయినను విని ఊరకుండలేక, 1918వ సంవత్సరారంభమున న్యూ ఇండియా కార్యాలయమునకు పోయి వాడియాగారిని కలసికొనిరి. వాడియాగారు పెరంబూరు వచ్చి, పనివారి స్థితిని కన్నులార చూచి, ఏప్రిలు నెలనుండి వారి సభలలో ప్రసంగింప మొదలిడిరి. వారి మాతృభాష గుజరాతీ, ప్రసంగించినది ఆంగ్లమున. తిరు. వి. కల్యాణసుందర మొదలియారు మున్నగువారు దానిని తమిళమున వివరించుచుండిరి. భాష వేరైనను భావము పనివారి హృదయములకు చేరెను.

1918 ఏప్రిలు 27వ తేదీన చెన్నపట్టణ కార్మికసంఘము స్థాపితమయ్యెను. వాడియాగారు అధ్యక్షులు, సెల్వపతి, రామానుజులుగార్లు కార్యదర్శులు. గుత్తి కేశవపిళ్లగారును సంఘమునకు అండగా నిలిచిరి. సభ్యత్వము, చందా, లెక్కలు గల క్రమబద్ధమైన కార్మికసంఘములలో మన దేశమున ఇదియే మొదటిదని చరిత్రకారులు సాధారణముగా ఎంచుదురు. తొందరపడి పని మానవలదని, ముందు సంఘమును బలపరచుకొనవలెనని వాడియాగారు పనివారికి బోధించుచుండిరి. భోజనవిరామము ముప్పది నిమిషములనుండి నలువది నిమిషములకు పెరుగుట తొలి ఫలితములలో నొకటి. పది నిమిషములే కదాయని మనకు తోచవచ్చును. కాని పరుగున వచ్చి పరుగున పోవువానికి అది కూర్చుండి అన్నము తినుటకు దొరకిన వ్యవధి.

1919లో వాడియాగారు ఇంగ్లండునకు పోయి, భారత ప్రభుత్వ చట్టమును విచారించు పార్లమెంటు సంఘము ఎదుట కార్మికుల పక్షమున సాక్ష్యమిచ్చిరి. అదే సంవత్సరము వాషింగ్టనులో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభకు, భారత కార్మిక ప్రతినిధి ఎన్. ఎం. జోషిగారికి సలహాదారుగా వెళ్లిరి.

1920 అక్టోబరులో బకింగ్‌హాము మిల్లులో వివాదము పుట్టి, కంపెనీ మిల్లు తలుపులు మూసివేసెను. డిసెంబరులో పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. కంపెనీవారు వాడియాగారిపైనను సంఘనాయకులపైనను హైకోర్టులో నష్టపరిహారమునకు దావా వేసిరి. ఒప్పందము మీరునట్లు పనివారిని ప్రోత్సహింపరాదని కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చెను. పనివారికి సలహా చెప్పుటయే నష్టపరిహారపు దావాకు మూలమయ్యెను. పనివారి ఇండ్లలో పొయ్యి వెలుగుట లేదు. వాడియాగారు కార్మికోద్యమమునుండి తొలగినచో దావా సాగింపమని కంపెనీవారు షరతు పెట్టిరి. ఒకవైపు తాము పెంచిన సంఘము, ఒకవైపు పనివారి ఆకలి. వారు తొలగుటకే అంగీకరించిరి. 1921 జనవరిలో పనివారు మరల మిల్లులో ప్రవేశించిరి.

చూచువారికి ఇది ఓటమియే. కాని ఈ దావా సంగతి ఇంగ్లండు కార్మికులవరకు పోయి అచట నిరసన కలిగించెను. 1921 మార్చిలో జోషిగారు కేంద్ర శాసనసభలో కార్మికసంఘముల రక్షణకు చట్టము కావలెనని తీర్మానము ప్రతిపాదించిరి. ఫలితముగా 1926లో కార్మికసంఘముల చట్టము ఆమోదింపబడి, 1927 జూను 1వ తేదీన అమలులోనికి వచ్చెను. రిజిస్టరైన సంఘముయొక్క నాయకులపై, కార్మికవివాదమున పని మానుటకు ప్రోత్సహించిరను కారణముచే ఇట్టి దావాలు వేయుటకు వీలు లేకపోయెను. ఈలోగా 1922లో ఫ్యాక్టరీల చట్టము సవరింపబడి, పనిగంటలు వారమునకు అరువదికి తగ్గెను. మన మధురలోను ఆ కాలముననే బారిస్టరు జార్జి జోసెఫుగారు హార్వీ మిల్లు పనివారిని సంఘముగా కూర్చిరి. కూలి పెరిగెను, పనివేళ తగ్గెను.

ఒక చేదు సంగతియు చెప్పవలసియున్నది. 1921లో అదే పెరంబూరు మిల్లులలో మరల సమ్మె రాగా, పనివారు కులభేదముచే చీలిపోయిరి, కలహములు చెలరేగెను, సమ్మె విఫలమయ్యెను. కోర్టు చేయలేని చెరుపును అనైక్యము చేసెను.

వాడియాగారు 1922లో దివ్యజ్ఞాన సమాజమును వదలి, విదేశములలో కొంతకాలము తత్త్వప్రచారము చేసి, 1929లో స్వదేశమునకు మరలిరి. 1945లో సతీమణి సోఫియాగారితో కలసి బెంగుళూరులో ప్రపంచసంస్కృతి సంస్థను స్థాపించిరి. 1958 ఆగస్టు 20వ తేదీన కాలధర్మము నొందిరి. పెరంబూరు మిల్లులు 1996లో మూతపడినవి.

విద్యార్థులారా! ఒక గుజరాతీ పలుకు, ఒక ఆంగ్లోపన్యాసము, ఒక తమిళానువాదము, ఒక నాయుడుగారి ఓర్పు కలసి ఆ సంఘము నిలిచినది. పరభాషల నడుమ మాతృభాషను కాపాడుకొనుచున్న మనకు ఇది ధైర్యము చెప్పు చరిత్ర. మన అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు మిల్లునకో కుట్టుపనికో పోవునపుడు, వారి పనిగంటలెన్ని, జీతపుచీటీలో వ్రాసినదేమి, భోజనమునకు వ్యవధి ఎంత అని తల్లిదండ్రులు విచారింపవలెను. చదువుకొన్న పిల్లలు వారికి చదివి వినిపింపవలెను. వాడియాగారి ఋణము తీర్చుకొనుటకు ఇదియొక మార్గము.