ఆర్దేషీర్ తారాపూర్

శివాజీ సైన్యమున పేరుపొందిన రతన్‌జీబా అను పార్సీ వీరునకు నూఱు గ్రామములు బహుమానముగా లభించెను. వానిలో ముఖ్యమైన తారాపూరే ఆ వంశమునకు పేరయ్యెను. కాలక్రమమున ఆ కుటుంబము హైదరాబాదు చేరి, నిజాము సుంకపు శాఖలో కొలువుచేసెను. ఆ యింట 1923 ఆగస్టు 18న ఆర్దేషీర్ జన్మించెను.

ఆఱేండ్ల ప్రాయమున, కట్టు త్రెంచుకొని అక్కపైకి వచ్చుచున్న ఆవును కఱ్ఱతో ముక్కుపై కొట్టి నిలిపినాడట. పూనాలో చదువుకొనునపుడు పుస్తకములకంటె ముష్టియుద్ధము, ఈత, క్రికెట్టులందే మిన్నగా నుండెను.

1942లో హైదరాబాదు సంస్థానపు కాల్బలమున అధికారి యయ్యెను. కాని మనసంతయు లాన్సర్ల దళముమీదనే. ఒకనాడు సేనాపతి ఎల్ ఎడ్రూస్ తనిఖీ చేయుచుండగా, క్రొత్తగా చేరిన సిపాయి విసరిన చేతిబాంబు గుఱితప్పి దగ్గఱనే పడెను. అది ప్రేలుటకు కొన్ని క్షణములే వ్యవధి. తారాపూర్ దుమికి దానిని తీసి ఆవలకు విసరెను. అది గాలిలోనే ప్రేలి, తునకలు ఆయన ఱొమ్మున గ్రుచ్చుకొనెను. కోలుకొన్న పిమ్మట సేనాపతి పిలిచి మెచ్చుకొనగా, ఆయన కోరినది లాన్సర్ల దళమున చోటు మాత్రమే. అది లభించెను.

1948 సెప్టెంబరులో జనరల్ చౌధురి నాయకత్వమున భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించెను, ఎడ్రూస్ లొంగిపోయెను. ఓడిన సైన్యపు అధికారికి గెలిచిన సైన్యమున నమ్మకము సంపాదించుట సులభమా? 1951లో తారాపూర్ పూనా హార్సు రెజిమెంటున చేరెను. 1914లో సికిందరాబాదు అశ్వదళముతో ఫ్రాన్సు యుద్ధమునకు పోయిన రెజిమెంటే యిది. గుఱ్ఱములకు బదులు ఇప్పుడు టాంకులు వచ్చెను. క్రమముగా ఆయనయే దానికి నాయకుడయ్యెను.

1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చెను. అప్పటి సర్వసైన్యాధిపతి ఆ చౌధురియే! సెప్టెంబరు 11న సియాల్‌కోట ప్రాంతమున ఫిల్లోరాపై దాడి సాగెను. తారాపూర్ గాయపడెను. వెనుకకు పంపుదుమన్నను అంగీకరింపలేదు. 14న వజీర్‌వాలీని పట్టుకొనెను. 16న జస్సోరాన్, బుతుర్ డోగ్రాండీ గ్రామములు వశమయ్యెను. ఆయన టాంకునకు పలుమాఱులు గుండ్లు తగిలినను స్థానము విడువలేదు. ఆ పోరాటమున రెజిమెంటు సుమారు 60 శత్రుటాంకులను ధ్వంసముచేసి, తనవి తొమ్మిది మాత్రమే కోలుపోయెను. తుదకు నాయకుని టాంకు మంటలలో చిక్కుకొనెను. ఆయన అందే మరణించెను. ప్రభుత్వము పరమవీర చక్ర నొసగెను.

దహనము పార్సీల ఆచారము కాదు. అయినను, తాను మరణించినచో యుద్ధభూమియందే దహనము చేయవలెనని ఆయన ముందుగానే మేజర్ చీమాకు చెప్పియుండెను. సహచరులు అట్లే చేసిరి.